ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఎయిర్ కంప్రెసర్‌ను ఎక్కడ బిగించాలి?

తూపిలిపాలెం తీరం నుంచి తిరుపతికి తిరుగు ప్రయాణం. ఇసుకలో కూరుకుపోకుండా పొద్దున నాలుగు టైర్లనూ 18 పీఎస్‌ఐకి దించాను. అదే గాలితో నాయుడుపేట దాటి జాతీయ రహదారి మీద వేగంగా వెళితే టైరు పక్కగోడలు వేడెక్కి చిరిగిపోతాయి కాబట్టి బయలుదేరే ముందే నింపుకోవాలి. ఆ మే నెల మధ్యాహ్నం నా జిప్సీ బానెట్ కింద బిగించిన కంప్రెసర్ రెండు టైర్లు నింపి మూడో టైరు సగంలో ఆగిపోయింది. కాలిపోలేదు. లోపలి ఉష్ణ రక్షణ స్విచ్ దానిని ఆపేసింది. బానెట్ తెరిచి, పైన దుప్పటి పట్టి నీడ చేసి, అరగంట చల్లారనిచ్చాక మిగిలిన పని పూర్తయింది. కంప్రెసర్ మంచిదే. నేను దానికి ఇచ్చిన చోటు మంచిది కాదు.

అప్పట్లో నేను చేసింది చాలామంది చేసేదే. బానెట్ ఎత్తి, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ బ్రాకెట్ వేయించాను. ఆ తర్వాత మా ఇంటి థార్‌కు, మా బావమరిది జిమ్నీకి, బంగారుపాళెం దగ్గర మామిడితోట ఉన్న మా పెదనాన్న గారి పికప్‌కు చోటు వెతికే పని నా మీద పడింది. ప్రతిసారీ తేలింది ఒకటే. ఖాళీ ఎక్కడుందన్నది చివర అడగవలసిన ప్రశ్న. ముందు వేడి, తర్వాత నీరు, ఆ తర్వాత బ్యాటరీ నుంచి తీగ పొడవు చూడాలి. ఈ మూడింటికీ నిలిచిన చోట్లలోనే ఖాళీ వెతకాలి.

ముందు అవసరం ఎంతో లెక్క కట్టండి

255/65 ఆర్18 కొలత టైరులో సుమారు 65 లీటర్ల చోటు ఉంటుంది. దానిని 18 నుంచి 32 పీఎస్‌ఐకి తేవాలంటే 14 పీఎస్‌ఐ పెంచాలి. వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ కాబట్టి, ఒక్కో టైరుకు బయటి గాలి రమారమి 60 లీటర్లు పట్టాలి. నాలుగింటికీ కలిపి 250 లీటర్లు అనుకోండి. ఆ ఒత్తిడిలో నిమిషానికి 30 లీటర్లు ఇచ్చే కంప్రెసర్ ఎనిమిది తొమ్మిది నిమిషాలు తిరుగుతుంది. 15 లీటర్లే ఇచ్చేది పదిహేడు నిమిషాలు తిరగాలి. జిమ్నీ 195/80 ఆర్15 టైరులో చోటు 40 లీటర్లకు కాస్త అటూఇటూ, కాబట్టి పని చాలా తేలిక.

ఈ నిమిషాలే చోటును నిర్ణయిస్తాయి. అయిదు నిమిషాల్లో ముగిసే పనికి వేడి మూలైనా సరిపోతుంది. పావుగంట ఆగకుండా తిరగవలసిన కంప్రెసర్‌కు అదే మూల ఉరి. పెట్టె మీద 'డ్యూటీ సైకిల్' అని శాతం రాసి ఉంటుంది. 30 శాతం అంటే పది నిమిషాలు తిరిగితే ఇరవై నిమిషాలకు పైగా విశ్రాంతి ఇవ్వాలని అర్థం. ఆ శాతాన్ని తయారీదారు మామూలు గది వేడిలో కొలిచి ఉంటాడు. రాయలసీమ మే నెలలో, నడిచి వచ్చిన ఇంజిన్ పక్కన, అంత శాతం దక్కుతుందని ఆశించకండి.

ఏడాదికి మూడు నాలుగు సార్లే టైర్లలో గాలి దించేవారికి కంప్రెసర్‌ను బండికి బిగించడం అవసరమే కాదు. గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాక్ (రెండు పక్కల చక్రాలనూ ఒకే వేగంతో తిప్పించే ఏర్పాటు) వేయించుకున్నవారికి మాత్రం వేరే దారి లేదు. బురదలో చక్రం తిరుగుతున్న క్షణంలో గాలి అందాలి కాబట్టి బిగించి తీరాలి.

బానెట్ కింద

బ్యాటరీ అక్కడే ఉంటుంది కాబట్టి తీగ పొట్టి. శబ్దం లోపలికి తక్కువగా వస్తుంది, సామాను చోటు పోదు. అందుకే అందరి చూపూ ముందు ఇక్కడికే పోతుంది. మూడూ నిజమైన లాభాలే. ఎదుటి వైపున ఉన్నది వేడి, దానిని తక్కువగా అంచనా వేయడమే నేను చేసిన పొరపాటు.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు కంటే ఆపిన కొద్ది నిమిషాలకు బానెట్ కింద గాలి మరింత వేడెక్కుతుంది. నడకలో ఎదురుగాలి తగులుతూ ఉంటుంది, బండి ఆగగానే అది పోతుంది. సైలెన్సర్ గొట్టం, టర్బో (పొగ బలంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే భాగం) దాచుకున్న వేడంతా పైకి లేస్తుంది. మనం టైర్లు నింపేది సరిగ్గా ఆ సమయంలోనే. పైగా వేడి గాలి పలచన. 35 డిగ్రీల గాలికి బదులు 70 డిగ్రీల గాలిని పీల్చుకుంటే పిస్టన్ ప్రతి దెబ్బకూ పదో వంతు గాలి తక్కువగా లోపలికి వెళుతుంది. అంటే కంప్రెసర్ ఎక్కువసేపు తిరగాలి, ఇంకా వేడెక్కాలి.

మీరు ఎంచుకున్న మూల ఎంత వేడో ఊహించకండి, కొలవండి. దీనికి తిరుపతి వారికి ఉన్న వసతి చాలా ఊళ్లకు లేదు. తీగ చివర బుడిపె ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని, బుడిపెను కంప్రెసర్ కూర్చోబోయే చోట కట్టి, తెరను డ్యాష్‌బోర్డు మీదికి తెచ్చుకోండి. ఎండ పూట తిరుమలకు వెళ్లండి. ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు కాబట్టి ఇంజిన్ దారి పొడవునా బరువు లాగుతుంది. పైన పార్కింగులో ఇంజిన్ ఆపి పది నిమిషాలు అంకె చూడండి. ఆ పది నిమిషాల్లో వచ్చిన గరిష్ఠ అంకెను కంప్రెసర్ చేతిపుస్తకంలో పరిసర ఉష్ణోగ్రత పరిమితితో పోల్చండి. పరిమితికి కనీసం పది డిగ్రీలు తక్కువగా ఉంటేనే ఆ మూలకు ఒప్పుకోండి. దిగేటప్పుడు 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో వచ్చే అంకె ఉపయోగపడదు, ఇంజిన్ మీద బరువు ఉండదు.

థార్‌లో పెట్రోలైనా డీజిలైనా టర్బో ఉంది. జిమ్నీ 1.5 లీటర్ పెట్రోలు ఇంజిన్‌కు టర్బో లేదు. ఈ ఒక్క తేడా వల్లే బానెట్ కింద బిగింపు జిమ్నీలో నాకు సమ్మతం, థార్‌లో కాదు. థార్‌లోనూ బిగించుకుని హాయిగా వాడుతున్నవారు ఉన్నారు, వారు టర్బోకు ఎదుటి వైపున చోటు సంపాదించారు. మీ బండిలో అటువైపు చోటు దొరికి, థర్మామీటర్ కూడా సరే అంటే నేను అడ్డు చెప్పను.

ఇంకో పరీక్ష ఎత్తుది. కంప్రెసర్ కొలతలతో అట్టపెట్టె కత్తిరించి ఆ చోట నిలబెట్టండి. దాని నెత్తిన నిమ్మకాయంత చపాతీ పిండి ముద్ద పెట్టి, మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, బానెట్‌ను మెల్లగా మూసి తెరవండి. నలిగిన పిండి మందమే మీకు మిగిలిన ఖాళీ. ఒక సెంటీమీటరు కంటే తక్కువైతే గతుకుల్లో తగులుతుంది. పక్కల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇంజిన్ రబ్బరు మౌంటుల మీద కూర్చుని ఊగుతుంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే అది ఒరిగే తీరును, పక్కన ఎవరినైనా నిలబెట్టి, చూసి తెలుసుకోండి. కదిలే భాగానికి, కంప్రెసర్‌కు మధ్య రెండు మూడు వేళ్ల ఎడం ఉండాలి.

రేడియేటర్ ముందుభాగంలో ఎయిర్ బ్యాగులకు సంకేతం ఇచ్చే సెన్సర్లు ఉంటాయి. వాటి దరిదాపుల్లో బ్రాకెట్ వేయించకండి.

సీటు కింద

చల్లగా, పొడిగా ఉండే చోటు. దుమ్ము తక్కువ. బ్యాటరీకి మధ్యస్థమైన దూరం. కాగితం మీద చూస్తే ఇదే గెలుస్తుంది. అసలు బండిలోకి వంగి చూసినప్పుడు కష్టాలు కనిపిస్తాయి.

ముందు సీట్ల కింద పసుపు రంగు తీగలు, పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్ బ్యాగుల వ్యవస్థవి. వాటిని కదపకూడదు, వాటి మీదికి లోహపు అంచు రానివ్వకూడదు. కొన్ని బండ్లలో కంప్యూటర్ పెట్టె కూడా అక్కడే ఉంటుంది. సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఎవరో బరువైన మనిషి కూర్చుంటే కింది స్ప్రింగులు రెండంగుళాలు దిగుతాయి. కొలత తీసేటప్పుడు సీటులో మనిషిని కూర్చోబెట్టి తీయాలి, ఖాళీ సీటు కింద చేయి పెట్టి చూస్తే మోసపోతారు.

నేలకు రంధ్రం చేయడమంటే నాకు భయమే. ఒకసారి బండి కింద పడుకుని, అదే చోట బ్రేకు గొట్టం, డీజిల్ గొట్టం పోతున్నాయేమో చూసిన తర్వాతే డ్రిల్లు పెట్టాలి. సీటు బెల్టు బోల్టు కింద బ్రాకెట్ రేకు దూర్చడం కొందరు మెకానిక్కులు సులువు అనుకుంటారు. దానికి ఎంత మాత్రం ఒప్పుకోకండి. ప్రమాదంలో మనిషిని ఆపేది ఆ బోల్టే.

పాత జిప్సీ, పాత తరం జీపుల విషయం వేరు. వెనుక రెండు పక్కలా బల్లల్లాంటి సీట్లు, వాటి కింద చక్రం డొప్ప (చక్రాన్ని పైనుంచి కప్పే రేకు ఉబ్బు), పక్కన కావలసినంత చోటు. తూపిలిపాలెం నుంచి వచ్చిన వారంలోనే నా కంప్రెసర్‌ను బానెట్ కింద నుంచి తీసి ఎడమ బల్ల కిందికి మార్చాను. అదే కంప్రెసర్, అవే టైర్లు. మరుసటి వేసవిలో నాలుగూ ఆగకుండా నింపింది. ఎదురుగా కూర్చున్నవారికి శబ్దం ఇబ్బందే, కానీ అది తిరిగేటప్పుడు ఎవరూ లోపల కూర్చోరు.

వెనుక పక్క గోడ, చక్రం డొప్ప పైన

అయిదు తలుపుల బండ్లకు, పెద్ద ఎస్‌యూవీలకు నేను మొదట సూచించేది ఇదే. డిక్కీలో పక్క ప్లాస్టిక్ పలక వెనుక, చక్రం డొప్పకు పైన, చాలా బండ్లలో జాకీ పెట్టుకునే చోటు పక్కన, ఒక చేతి సంచి పట్టేంత ఖాళీ ఉంటుంది. అక్కడ వేడి లేదు. మోకాటి లోతు వాగు దాటినా నీరు అందదు. డిక్కీ తలుపు తీయగానే స్విచ్, గాలి కప్లర్ (గొట్టం తగిలించే మూతి) చేతికి అందుతాయి.

ధర రెండు రకాలుగా చెల్లించాలి. ఒకటి తీగ పొడవు, దాని గురించి కింద వివరంగా చెబుతాను. రెండోది చల్లగాలి. ప్లాస్టిక్ పలక వెనుక మూసేస్తే కంప్రెసర్ తన వేడిలో తానే ఉడుకుతుంది. పలకలో జాలీ కోయించాలి, లేదా వాడేటప్పుడు తీసి పక్కన పెట్టగల మూత ఉండాలి. గాలి పీల్చే ఫిల్టరు డిక్కీ లోపలికే తెరుచుకోవాలి. చక్రం డొప్ప వైపు తెరిస్తే మామిడితోటల ఎర్రమట్టి నెల తిరిగేసరికి దానిని పూడ్చేస్తుంది.

మూడు తలుపుల థార్‌లో డిక్కీ అన్న మాటే చిన్నది. అయినా మా థార్‌లో వెనుక చక్రం డొప్ప పక్కనే పెట్టాం. సంచుల కోసం కొంత సర్దుకోవాల్సి వచ్చింది, వేడి సమస్య మాత్రం పూర్తిగా తీరింది. జిమ్నీలో అన్ని సీట్లూ వాడుకలో ఉన్నప్పుడు సామాను చోటు 208 లీటర్లే. నలుగురి కుటుంబం కాణిపాకం వెళ్లి వచ్చే సంచులకే అది చాలదు. అందుకే మా బావమరిది బండికి బానెట్ కిందే నయమనిపించింది. టర్బో లేదు, సిద్ధంగా అమ్మే బ్రాకెట్లు దొరుకుతాయి, తిరుమల పరీక్షలోనూ నెగ్గింది.

బండి అడుగున, బంపరు వెనుక

వద్దు. ఛాసిస్ పట్టీకి బిగిస్తే చోటు సమస్యే ఉండదని ఒక వెల్డింగ్ షాపులో నాకు గట్టిగా చెప్పారు. చోటు సమస్య లేదు, నిజమే. కానీ తిరిగి వేడెక్కిన మోటారు చల్లటి వాగు నీటిలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. ఐపీ55 అని రాసి ఉన్న కంప్రెసర్ దుమ్మును, చిమ్మే నీటిని తట్టుకుంటుంది, మునకను కాదు. ఒక మీటరు లోతు మునకకు అరగంట సేపు తట్టుకునేది ఐపీ67. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులే కాలువలైన సంగతి ఇక్కడివారు మరచిపోలేదు. అడవిలోకి వెళ్లకుండానే, ఇంటి ముందు నిలబెట్టిన బండిలోనే ఆ కంప్రెసర్ మునిగి ఉండేది.

తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్ ఉప్పుగాలిలో తిరిగే బండికైతే అడుగు బిగింపు ఇంకా హాని. బోల్టులు రెండేళ్లలో తుప్పు పట్టి విప్పడానికి రావు.

పెట్టెలో పెట్టుకుని, బండికి ప్లగ్గు మాత్రమే బిగించడం

ఈ దారికి రావలసినంత గౌరవం రావడం లేదని నాకు అనిపిస్తుంది. కంప్రెసర్‌ను గట్టి ప్లాస్టిక్ లేదా రేకు పెట్టెలో బిగిస్తారు. గొట్టం, గేజి అందులోనే. బండికి శాశ్వతంగా ఉండేది బ్యాటరీ నుంచి వచ్చిన పొట్టి లావుపాటి తీగ, చివర 50 ఆంపియర్ల ఆండర్సన్ కనెక్టర్ (ఎక్కువ కరెంటు తట్టుకునే ప్లగ్గు), అంతే. కంప్రెసర్ నీడలో, నేల మీద, చల్లగా పనిచేస్తుంది. ఇంట్లో రెండు మూడు బండ్లుంటే అన్నింటికీ ఒకటే సరిపోతుంది. ట్రాక్టరు ట్రాలీ టైరుకు కూడా పనికొస్తుంది. మా పెదనాన్న గారి పికప్‌కు ఇదే చేశాం. దామలచెరువు మండీకి కాయలు తోలే రోజుల్లో పెట్టె ఇంట్లో ఉంటుంది, తోటలో పని పడినప్పుడు బండెక్కుతుంది.

అలిపిరి తనిఖీ దగ్గర కూడా ఇది సులువు. అక్కడ బండిని, సామానును చూస్తారు. పెట్టె మూత తీసి చూపిస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది. పలక వెనుక ఎర్ర తీగలతో దాగిన వస్తువును వివరించడానికి కొంత సమయం పడుతుంది. బిగించినవారు లోపల ఏముందో తెలుగులో రాసిన చీటీ ఒకటి మూత మీద అంటించుకోవడం మేలు.

లోటు ఏమిటంటే, తీసి తగిలించడానికి ప్రతిసారీ నాలుగైదు నిమిషాలు. ఇంకా ముఖ్యమైనది, పెట్టెను కట్టి ఉంచకపోతే ప్రమాదంలో అది బండరాయి. అయిదు కిలోల పెట్టె గురుత్వానికి ఇరవై రెట్ల కుదుపులో వంద కిలోల బలంతో ముందుకు వస్తుంది. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ మలుపుల్లో నడిపేవారికి ఇది ఊహాజనితమైన మాట కాదు. నేలలోని కొక్కేలకు రెండు బెల్టులు వేసి బిగించండి.

సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్ ఈ పోలికలోకి రాదు. ఆ సాకెట్ సాధారణంగా 120 వాట్లకు, అంటే దాదాపు 10 ఆంపియర్లకే. పంక్చరైన కారు టైరుకు అది చాలు, నాలుగు పెద్ద టైర్లకు చాలదు.

తీగ సంగతి

చోటు ఎంపికలో సగం ఇక్కడే తేలుతుంది కాబట్టి కాస్త ఓపికగా చదవండి. ఒక సిలిండర్ కంప్రెసర్ టైరు నింపేటప్పుడు 20 నుంచి 30 ఆంపియర్లు లాగుతుంది. రెండు సిలిండర్లది 50 దాటుతుంది. 25 ఆంపియర్లు అనుకుని లెక్క వేద్దాం. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు, తిరిగి రావడానికి 5, మొత్తం 10 మీటర్ల రాగి తీగ. అది 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే దారిలోనే 1.75 వోల్టులు పోతాయి. 6 చదరపు మిల్లీమీటర్లదైతే 0.73, 10ది అయితే 0.44. అదే బానెట్ కింద మీటరు దూరంలో ఉంటే 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో పోయేది 0.22 మాత్రమే.

అర వోల్టు వరకు పోయినా ఫరవాలేదు. అంతకు మించితే మోటారు నెమ్మదించి, ఎక్కువసేపు తిరిగి, వేడెక్కుతుంది. చల్లటి చోటు కోసం డిక్కీకి తీసుకెళ్లి సన్నటి తీగ వేయిస్తే బానెట్ కింది వేడిని వదిలి తీగ తెచ్చే వేడిని కొనుక్కున్నట్టే. కాబట్టి డిక్కీ ఎంచుకుంటే 10 చదరపు మిల్లీమీటర్ల తీగకు కూడా ఒప్పుకున్నట్టే అనుకోండి. రెండు సిలిండర్ల కంప్రెసర్‌కు అదీ చాలదు, 25 కావాలి.

ఆటోనగర్‌లో తీగ వేసే పెద్దాయన నా మొదటి బండికి ఇంటి వైరింగు తీగ తీశాడు. "ఇది బాగా లావు, మీకు దిగులు అక్కర్లేదు" అన్నాడు. "అన్నా, లావు సరే, పైతొడుగు సంగతి ఏమిటి?" అని అడిగితే ఆలోచించి, లోపలి నుంచి వేరే చుట్ట తెచ్చాడు. ఇంటి వైరింగుకు వాడే సాధారణ పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే. బానెట్ కింద పోయే భాగానికి 105 డిగ్రీలు తట్టుకునే బండి తీగే కావాలి.

ఫ్యూజు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. కంప్రెసర్ దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యలో తీగ రాసుకుని ఛాసిస్‌కు తగిలితే ఏమీ కాపాడదు. ఎర్తును (మైనస్ తీగను) రంగు వేసిన రేకుకు కాక బ్యాటరీ దాకా తీసుకురండి. కొన్ని కొత్త బండ్లలో బ్యాటరీ మైనస్ స్తంభం మీద చిన్న సెన్సర్ ఉంటుంది. అలాంటప్పుడు ఎర్తును స్తంభానికి కాక, ఆ సెన్సర్ అవతల బాడీకి దిగే బోల్టుకు కలపాలి. లేకపోతే బండి కంప్యూటర్‌కు బ్యాటరీ లెక్క తప్పుతుంది. కంపెనీ వేసిన తీగలను కోసి అతుకు వేయడానికి ఒప్పుకోకండి, వారంటీకి ముప్పు తెచ్చేది అదే. రిలేను (కంప్రెసర్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్‌ను) ఇగ్నిషన్‌కు కలిపితే, తాళం తిప్పనిదే పిల్లలు నొక్కినా తిరగదు. తోటల్లో నిలిపే బండికి తీగ మొత్తం గట్టి ముడతల గొట్టంలో పోవాలి, ఎలుకలు ముందు కొరికేది కొత్త తీగనే.

గొట్టం ఎక్కడి దాకా అందాలి

థార్, జిమ్నీ పొడవు 3985 మిల్లీమీటర్లు. ఫార్చ్యూనర్ 4795. కప్లర్ ఒక మూలన ఉంటే ఎదుటి మూల చక్రానికి చేరడానికి చిన్న బండికి 6 మీటర్లు, పెద్దదానికి 8 మీటర్ల గొట్టం కావాలి. కంప్రెసర్ తల నుంచి బయటికి వచ్చే గాలి చాలా వేడిగా ఉంటుంది కాబట్టి మొదటి అర మీటరు ఉక్కు అల్లిక గొట్టమే ఉండాలి. అక్కడ ప్లాస్టిక్ గొట్టం వేస్తే మెత్తబడి ఊడుతుంది.

బ్రాకెట్

నా మొదటి బ్రాకెట్ 2 మిల్లీమీటర్ల రేకుది. బంగారుపాళెం తోటల మట్టిదారుల్లో ఆరు నెలలకు వంపు దగ్గర చీలింది. రేకు బలంగా లేకపోవడం ఒక కారణం, రెండు బోల్టులే ఉండటం అసలు కారణం. ఒక అంచున పట్టి రెండో అంచు గాలిలో ఊగే వస్తువు ఏ మందంలోనైనా చీలుతుంది. మూడు చోట్ల పట్టు ఉండాలి, మూడో పట్టు మిగతా రెండింటి గీతలో కాక వేరే దిక్కున ఉండాలి. 4 లేదా 5 మిల్లీమీటర్ల పట్టీ, 8 మిల్లీమీటర్ల బోల్టులు, నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉండేవి), కంప్రెసర్ కాళ్ల కింద రబ్బరు బుష్‌లు. పల్చటి బాడీ రేకుకు బిగిస్తే వెనుక అరచేయంత పట్టీ అడ్డం పెట్టించండి. బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపుకు ఏదీ వేలాడదీయకండి. కోసిన ప్రతి రంధ్రం అంచుకు ప్రైమర్ పూయించుకునే దాకా షాపు నుంచి కదలవద్దు.

ఆయిల్ లేని చిన్న కంప్రెసర్లలో చాలావాటిని ఏ వాలులోనైనా బిగించవచ్చు, అయినా చేతిపుస్తకం చూసుకోండి. ఫిల్టరు మూతి మాత్రం పైకి తెరుచుకోకూడదు, నీటి చుక్క నిలుస్తుంది. బానెట్ కింద బిగించినవారు ఫిల్టరును చిన్న గొట్టంతో చల్లటి, పొడి చోటికి తెచ్చుకోవచ్చు. నా లెక్కలో బానెట్ బిగింపులో దీనికి మించిన మెరుగు లేదు.

పని పూర్తయ్యాక షాపు ముందే, ఇంజిన్ నడుస్తుండగా, నాలుగు టైర్లలోనూ గాలి దించి నింపి చూడండి. ఆరుబయట చేయండి, మూసిన షెడ్డులో ఇంజిన్ పొగ ప్రాణాంతకం. నాలుగో టైరు అయ్యాక ఫ్యూజు గూడును, తీగ చివర లగ్గులను (బోల్టుకు బిగించే లోహపు కొసలను) వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి వెనక్కి తీసుకునేంత వేడి ఉంటే ఆ లగ్గు సరిగా నొక్కలేదని అర్థం, అప్పుడే విప్పించి మళ్లీ వేయించండి. తర్వాత ప్రతి నట్టు మీదుగా బ్రాకెట్ దాకా గోళ్ల రంగుతో సన్నటి గీత ఒకటి గీయండి. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక బానెట్ ఎత్తినప్పుడో, డిక్కీ తెరిచినప్పుడో ఆ గీత రెండు ముక్కలై కనిపిస్తే ఆ నట్టు వదులవుతోందన్న మాట. స్పానర్‌తో బిగించి, పాత గీత చెరిపి కొత్తది గీయండి.